స్టుట్‌గార్ట్‌లో మూడు నెలలు: పాలు, మాత్రలు, ఖాళీ సీసాలు

మాస్టారూ, నమస్కారం. నరసరావుపేట నుంచి మే నెలలో మీ దంపతులిద్దరూ స్టుట్‌గార్ట్‌లో అమ్మాయి దగ్గరికి వెళ్తున్నారు, మూడు నెలలు ఉంటారు, అమ్మాయీ అల్లుడూ పొద్దున్నే ఆఫీసుకు పోతారు, మీకు జర్మన్ రాదు, ఇంగ్లీషు మాట్లాడి చాలా కాలమైంది. పాలు, కూరలు, బీపీ మాత్రలు, క్షవరం లాంటి వాటికి ప్రతిసారీ పిల్లల ముఖం చూడకుండా ఎలా గడపాలి అన్నారు. ఈ బాధ నేను పడ్డదే కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తున్నాను.

నేను రాజమండ్రిలో సబ్ పోస్ట్‌మాస్టర్‌గా రిటైరైనవాణ్ణి. మా అబ్బాయి ఉండేది కూడా స్టుట్‌గార్టే. నాలుగుసార్లు వెళ్లొచ్చాం. మొదటిసారి కిటికీలోంచి ట్రాములు లెక్కపెడుతూ కూర్చున్నాను. రెండోసారి నుంచి సంచి పుచ్చుకుని నేనే బయల్దేరుతున్నాను.

ముందు భాష సంగతి. దాని గురించి దిగులు పెట్టుకోకండి. సూపర్‌మార్కెట్లో మనం మాట్లాడేదేమీ లేదు. సరుకు మనమే తీసుకుంటాం, ఎంతైందో తెర మీద కనబడుతుంది, కార్డు ఆనిస్తాం. లోపలికి వెళ్లగానే ‘గ్రూస్ గాట్’, వచ్చేటప్పుడు ‘చ్యూస్’ (వెళ్లొస్తా), మధ్యలో ‘డాంకె’ (థాంక్స్). మూడు నెలలకి ఈ మూడు మాటలు చాలతాయి. మొదటిది ఆ దక్షిణ జర్మనీ వాళ్ల నమస్కారం. అది మన నోట వింటే కౌంటర్లో ఆవిడ మొహం విచ్చుకుంటుంది. అక్కడ మనకి అడ్డం వచ్చేది భాష కాదు, పంచాంగం.

ఆదివారం కొట్లుండవు. మన దగ్గర మూసినట్టు సగం షట్టరు దించి ‘ఏం కావాలండీ’ అనడం కాదు. నిజంగానే ఉండవు. ఆదివారం విశ్రాంతి దినమన్నది వాళ్ల రాజ్యాంగంలోనే ఉంది. 1919 నాటి వైమార్ రాజ్యాంగంలో రాసుకున్న మాటని 1949లో కొత్త రాజ్యాంగంలోకి అలాగే తెచ్చుకున్నారు. ఇది తెలియక మొదటి ప్రయాణంలో ఏం జరిగిందంటే, పిల్లలిద్దరూ శుక్రవారం సాయంత్రం బెర్లిన్ వెళ్లారు, మంగళవారం వస్తామన్నారు. శనివారం వాన పడుతోంటే రేపు తెచ్చుకుందాంలే అని మానేశాను. ఆదివారం పొద్దున పాలు అయిపోయాయి. రెండు కిలోమీటర్లు నడిచాను. ఒక్క కొట్టు తెరిచి లేదు. సరే సోమవారం చూద్దామనుకుంటే ఆ సోమవారం పెంతెకోస్తు పండగ సెలవు! చివరికి పెట్రోలు బంకులో పాలు దొరికాయి. బయటి ధరకి రెట్టింపు. మా ఆవిడకి మాత్రం కాఫీ పడితే చాలు, ధర అడగలేదు.

మీరు మే నెలలో వెళ్తున్నారు, మే, జూన్ నెలలు అక్కడే ఉంటారు. సెలవులు కుప్పగా పడేది అప్పుడే. మే 1, ఆ తర్వాత ఒక గురువారం (ఏసు స్వర్గారోహణ పండగ), పెంతెకోస్తు సోమవారం, మళ్లీ ఇంకో గురువారం. ఈ చివరి గురువారం జర్మనీ అంతటా సెలవు కాదు, కొన్ని రాష్ట్రాల్లోనే. మీరు వెళ్లే బాడెన్-వుర్టెంబర్గ్ అందులో ఒకటి. వెళ్లగానే అమ్మాయిచేత ఈ తేదీలన్నీ ఒక కాగితం మీద రాయించి ఫ్రిజ్ తలుపుకి అంటించండి. సెలవు ముందురోజు సాయంత్రం కొట్లు భోగి ముందురోజు రైతుబజార్లా ఉంటాయి. పొద్దున తొమ్మిదింటికే వెళ్లి వచ్చేయండి. మరీ అవసరమైతే ఆదివారం పొద్దున కొన్ని గంటలు బేకరీలు తీస్తారు. పెద్ద రైల్వే స్టేషన్లలో కూడా కొన్ని కొట్లుంటాయి.

కొట్టు తెలిశాక లోపలి పద్ధతి. బండి కావాలంటే ఒక యూరో నాణెమో, 50 సెంట్ల నాణెమో దాని గొళ్లెంలో పెట్టాలి. బండి తిరిగి వరసలో తగిలిస్తే నాణెం వచ్చేస్తుంది. జేబులో ఎప్పుడూ ఒక యూరో బిళ్ల ఉంచుకోండి. కౌంటర్లో ఇచ్చే పలచటి ప్లాస్టిక్ సంచులు 2022 జనవరి నుంచి నిషేధం. మన గుడ్డసంచి పట్టుకెళ్తే అక్కడ అందరిలాగే ఉంటాం. సరుకులు బెల్టు మీద పరిచి, వెనకవాడి సరుకుతో కలవకుండా మధ్యలో పెట్టే చిన్న కర్ర ఉంటుంది, అది పెట్టాలి. పెట్టకపోతే వెనకనున్న ముసలావిడ మన మీంచి చెయ్యి చాపి మరీ పెడుతుంది. ఇక కౌంటర్లో పిల్ల విసురు చూడాలి! నేను రోజుకి వందల ఉత్తరాలకి ముద్రలు కొట్టినవాణ్ణి, నాకే చేతకాలేదు. ఆవిడ తోసిన సరుకుని అక్కడే నింపాదిగా సర్దుకోబోకండి. అంతా బండిలోకి లాగేసి, డబ్బు కట్టేసి, పక్కనున్న బల్ల దగ్గర సర్దుకోండి. కూరగాయలు కొన్ని కొట్లలో కౌంటర్లోనే తూస్తారు, కొన్నిట్లో మనమే తూకం మీద పెట్టి, ఆ కూర నంబరు నొక్కి, చీటీ అంటించుకోవాలి. ముందువాడు ఏం చేస్తున్నాడో చూసి అదే చేయండి. కార్డు చాలాచోట్ల పనిచేస్తుంది కానీ చిన్న బేకరీలు, సెలూన్లు నగదే అడుగుతాయి. యాభై యూరోలు చిల్లరగా దగ్గరుంటే నిశ్చింత.

వంట సరుకు గురించి మీ ఇంటావిడకి చెప్పండి. పాల డబ్బా మీద పెద్దగా ‘హెచ్’ అని ఉంటే అది నెలల తరబడి నిలవుండే పాలు. ‘ఫ్రిష్‌మిల్ష్’ అన్నది తాజా పాలు, 3.5 శాతం కొవ్వు ఉన్నది తీసుకోండి. తోడుకి ‘నాటుర్‌యోగుర్ట్’ అనే ఉత్త పెరుగు ఒక చెంచా వేస్తే చక్కగా తోడుకుంటుంది. ఉప్మారవ్వ పేరు ‘వైష్‌వైట్సెన్‌గ్రీస్’. పలకలేకపోయినా ఫర్వాలేదు, ‘గ్రీస్’ అన్న అక్షరాలు గుర్తుపడితే చాలు. గోధుమపిండి పొట్లం మీద 405 అని అంకె ఉంటే అది మన మైదా. చపాతీకి 1050 అంకె ఉన్నది కొంత నయం. సాంబారుకి కందిపప్పు, సోనామసూరి మాత్రం ఇండియన్ స్టోర్‌లోనే దొరుకుతాయి. బెండకాయ, లేత వంకాయ, పుదీనా, కొత్తిమీర కట్ట కావాలంటే టర్కీ వాళ్ల కొట్టు. ఆ కొట్లో బేరం జరగదు కానీ చనువు దొరుకుతుంది. కొత్తిమీర వాసన చూసి కొనడం అక్కడ తప్పు కాదు. మీరు శాకాహారులైతే మూడు మాటలు గుర్తుంచుకోండి. ‘ష్వైన్’ అంటే పంది, ‘రిండ్’ అంటే గొడ్డుమాంసం. ‘జెలటీనె’ అని ఉంటే జంతువుల నుంచి తీసిన జిగురు, పిల్లల మిఠాయిల్లో కూడా ఉంటుంది. ఫోన్‌లో అనువాదం తెరిచి కెమెరా డబ్బా మీద పెడితే తెలుగులోనే చూపిస్తుంది. తప్పులు వస్తాయి, పని మాత్రం జరుగుతుంది.

ఇక్కణ్ణుంచి పట్టుకెళ్లే వాటిలో ఒక జాగ్రత్త. యూరప్ బయటి నుంచి మాంసం, పాలతో చేసినవి తేకూడదు. అంటే ఇంట్లో కాచిన నెయ్యి, పాలకోవా, అమ్మాయికి ఇష్టమని చుట్టించుకునే పూతరేకులు కూడా అనుమానంలో పడతాయి. తాజా పళ్లలో అరటి, కొబ్బరి, అనాస, ఖర్జూరం, దురియన్ తప్ప మిగతావాటికి మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. మే నెలలో వెళ్తున్నారు కాబట్టి బంగినపల్లి పెట్టె కట్టాలని చెయ్యి లాగుతుంది. కట్టకండి. ఆవకాయకి నూనే కాబట్టి అడ్డులేదు, కానీ మూత చుట్టూ టేపు వేసి, రెండు కవర్లలో పెట్టండి. మా సూట్‌కేసు నుంచి ఇప్పటికీ ఇంగువ వాసన పోలేదు.

ఖాళీ సీసాల కథ విడిగా చెప్పాలి. నీళ్లసీసా, కూల్‌డ్రింక్ డబ్బా ఏది కొన్నా బిల్లులో ‘ప్ఫాండ్’ అని అదనంగా 25 సెంట్లు వేస్తారు. అది ధర కాదు, ధరావతు. బీరు గాజుసీసాకి సాధారణంగా 8 సెంట్లు, తిరిగి నింపే నీళ్లసీసాలకి 15. ఖాళీది తెచ్చి సూపర్‌మార్కెట్ గోడలోని యంత్రం నోట్లో పెడితే చీటీ ఇస్తుంది, ఆ చీటీ కౌంటర్లో ఇస్తే డబ్బు. యంత్రం సీసా మీది గీతలు చదివి గుర్తుపడుతుంది. మా ఆవిడ మొదటి పదిహేను రోజులూ తాగిన సీసాల్ని, ఇక్కడి అలవాటు కొద్దీ, చోటు కలిసొస్తుందని కాలితో తొక్కి చక్కగా చదును చేసి పెట్టింది. పద్నాలుగు సీసాలు. నేను ఒక్కోటీ పెట్టడం, యంత్రం ఒక్కోటీ ఉమ్మేయడం. వెనక వరస పెరిగింది. మూడున్నర యూరోలు గోవిందా. కాబట్టి తొక్కకండి, పైనున్న కాగితం పీకకండి. అసలు కుళాయి నీళ్లు నిర్భయంగా తాగవచ్చు, కొనాల్సిన పనే లేదు. ఊళ్లో చెత్తడబ్బా పక్కన ఎవరో సీసా పడేసినట్టు కనిపిస్తే అది మరిచిపోవడం కాదు. సీసాలు ఏరుకుని బతికేవాళ్లు చెత్తలో చెయ్యి పెట్టక్కర్లేకుండా అలా బయట పెడతారు.

మాత్రల సంగతి మాత్రం జాగ్రత్తగా చదవండి. మన డాక్టరుగారి చీటీ అక్కడి మందుల షాపులో చెల్లదు. యూరప్ దేశాల డాక్టర్ల చీటీలే తీసుకుంటారు. బీపీ, షుగర్ మాత్రలు చీటీ లేకుండా ఒక్కటి కూడా ఇవ్వరు, మన వీధి చివర మెడికల్ షాపులా ‘రెండు రోజులకి సర్దండి’ అంటే కుదరదు. సొంతానికి మూడు నెలల మందులు తీసుకెళ్లవచ్చు. మొత్తం చేతిసంచిలో పెట్టుకోండి, చెక్-ఇన్ సామానులో కాదు. బ్రాండ్ పేరు అక్కడ ఎవరికీ అర్థం కాదు కాబట్టి డాక్టరుగారిచేత అసలు మందు పేరు, మోతాదు ఇంగ్లీషులో టైపు చేయించి సంతకం పెట్టించుకోండి. ఆ కాగితం ఫొటో అమ్మాయి ఫోన్‌లో కూడా ఉండాలి.

చిన్న జ్వరం, ఒళ్లునొప్పులకి ఎక్కడికి వెళ్లాలన్న దగ్గర మనవాళ్లు తికమకపడతారు. డీఎం, రాస్‌మన్ అని సబ్బులు, పేస్టులు అమ్మే పెద్ద షాపులుంటాయి. వాటిని చూసి మందుల షాపనుకుంటాం. అక్కడ విటమిన్లు, దగ్గు బిళ్లలు ఉంటాయి కానీ అరల్లో పారాసెటమాల్ ఉండదు. అది ‘ఆపొటేక’లోనే, అంటే అసలు మందుల షాపులోనే. తెల్లటి పలక మీద ఎర్రగా ‘ఏ’ అక్షరం, దానిలో పాము చుట్టుకున్న గిన్నె, అదీ గుర్తు. 500 మిల్లీగ్రాముల పారాసెటమాల్ అయితే చీటీ లేకుండా ఇచ్చే పెట్టెలో ఇరవై బిళ్లలకి మించవు. రాత్రిళ్లు, ఆదివారాలు ఆ చుట్టుపక్కల షాపులు వంతులవారీగా ఒకటి తెరిచి ఉంచుతాయి. ఏది తెరిచిందో మూసిన షాపు తలుపు మీద రాసి ఉంటుంది. గంట నొక్కితే చిన్న కిటికీలోంచి ఇస్తారు, అందుకు 2.50 యూరోలు అదనం. మా ఆవిడకి దగ్గు వస్తే వెళ్లాను. అక్కడి ఫార్మసిస్టు ఇంగ్లీషులో పది ప్రశ్నలు వేసి, ఎన్నాళ్ల నుంచి, కఫం ఉందా, ఇంకేం మందులు వాడుతోంది అని ఆరా తీసి, చివరికి వాము వాసన వచ్చే ఆకుల టీ పొట్లం చేతిలో పెట్టింది. ఏదో పెద్ద మందు ఇస్తుందనుకుంటే మా అమ్మమ్మ వైద్యం! నాలుగు రోజుల్లో తగ్గింది, అది వేరే విషయం.

ప్రాణం మీదికొస్తే 112. అంబులెన్స్, ఫైర్ రెండూ దానికే వస్తాయి. అంత కాదు, కానీ రాత్రి పూట డాక్టరు కావాలంటే 116117. ఈ రెండు నంబర్లూ, ఇంటి అడ్రసూ ఒక కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోండి. వీసాకి తీసుకున్న ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలది ఉంటుంది. అందులో పాత జబ్బులకి వర్తిస్తుందా లేదా అన్న పంక్తి ఇక్కడే చదివి వెళ్లండి.

ఇప్పుడు నా సొంత శాఖ. జర్మనీ అపార్ట్‌మెంట్లో ఫ్లాట్ నంబరు ఉండదండీ! రెండో అంతస్తు, ఎడమవైపు, 203 లాంటివేమీ లేవు. వీధి పేరు, భవనం నంబరు, ఐదంకెల పిన్‌కోడ్, ఊరు. మిగతాదంతా తపాలా డబ్బా మీదున్న ఇంటిపేరే. పోస్ట్‌మ్యాన్ ఆ పేరు చూసి వేస్తాడు, పేరు లేకపోతే ఉత్తరం వెనక్కి. మీరు ఉండేది అల్లుడిగారింట్లో కాబట్టి డబ్బా మీద ఆయన ఇంటిపేరుంటుంది, మీది ఉండదు. మీ పేరు మీద ఏదైనా తెప్పించుకోవాలంటే మీ పేరు కింద ‘కేరాఫ్’ అని అల్లుడిగారి పేరు రాయించండి. మా అబ్బాయి పేరే డబ్బా మీద ఉంది కదా అనుకున్నాను. వాడు జర్మనీలో ఇంటిపేరు వేరేలా రాయించుకున్నాడని అప్పటికి నాకు తెలియదు. నా పేరున వచ్చిన సిమ్ కార్డు కవరు రెండుసార్లు తిరిగిపోయింది. తపాలాశాఖ పెన్షనర్‌కి జరగాల్సిన అవమానమేనా ఇది! సిమ్ అంటే గుర్తొచ్చింది, అక్కడ ప్రీపెయిడ్ సిమ్‌కి కూడా పాస్‌పోర్ట్ తనిఖీ చేస్తేనే పని మొదలవుతుంది. అది చేసేది చాలాసార్లు పోస్టాఫీసే.

ఆ పోస్టాఫీసు కోసం నేను గంట వెతికాను. మహా భవనం ఉంటుందనుకున్నాను. తీరా చూస్తే పుస్తకాలు, సిగరెట్లు, లాటరీ టికెట్లు అమ్మే కొట్లో ఒక మూల కౌంటర్. అక్కడ చాలా శాఖలు అంతే. పసుపు పలక మీద కొమ్ముబూర గుర్తు చూసి వెళ్లండి. పార్సిల్ వచ్చిన వేళ ఇంట్లో లేకపోతే పక్కింట్లో ఇచ్చి, ఎవరికిచ్చారో చీటీ డబ్బాలో వేస్తారు. అలా పక్కింటివాళ్ల తలుపు తట్టడమే మాకు పరిచయాలకి దారి అయింది. ఉత్తరాల డబ్బాలు కూడా పసుపే. ఎర్ర చుక్క ఉన్న డబ్బాని ఆదివారం కూడా ఖాళీ చేస్తారు. 2025 ధరల ప్రకారం ఇండియాకి మామూలు ఉత్తరమైనా, కార్డయినా 1.25 యూరోలు. స్టాంపు కూడా అక్కర్లేదు, ఫోన్‌లో డబ్బు కడితే ఒక కోడ్ వస్తుంది, దాన్ని కవరు మీద స్టాంపు చోట పెన్నుతో రాస్తే చాలు. మొదటిసారి రాసినప్పుడు నా చెయ్యి ఒప్పుకోలేదు. ధవళేశ్వరంలో నా స్నేహితుడికి వేశాను, పన్నెండు రోజులకి అందింది. వాడు కవరు పట్టుకుని ‘ముద్ర ఏదిరా’ అని ఫోన్ చేశాడు.

అన్నట్టు వాళ్ల ఐదంకెల కోడ్ వయసు మన పిన్‌కోడ్ కన్నా చిన్నది. మనది 1972 ఆగస్టు 15న వచ్చింది. తూర్పు, పశ్చిమ జర్మనీలు కలిశాక రెండు వైపులా ఒకే నాలుగంకెలు వాడుతున్న ఊళ్లు బయటపడి, 1993 జూలై 1 నుంచి ఐదంకెలు పెట్టారు. మీ ప్రశ్నకి సంబంధం లేదు, నోరు ఊరుకోక చెప్పాను.

క్షవరానికి సోమవారం వెళ్లకండి, చాలా సెలూన్లు మూసేస్తారు. టర్కీ, అరబ్ వాళ్ల సెలూన్లు సోమవారం కూడా ఉంటాయి, ఖర్చు కూడా తక్కువ. వేళ్లు చూపించి చెప్పడం మాత్రం వద్దు. నేను మూడు వేళ్లు చూపించాను, మూడు సెంటీమీటర్లు ఉంచమని నా ఉద్దేశం. అతను మూడు మిల్లీమీటర్లు అనుకున్నాడు. ఇంటికొస్తే కోడలు ‘మామయ్యా, తిరుపతి ఎప్పుడు వెళ్లారు?’ అంది. ఇక్కడ బయల్దేరే ముందు చక్కగా క్షవరం చేయించుకుని, ముందు, వెనక, పక్కల ఫొటోలు తీయించుకోండి. అవి చూపిస్తే చాలు.

ఇంట్లో పని విషయానికొస్తే, రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా చప్పుడు చేయకూడదు, ఆదివారం రోజంతా. మనం ఐదున్నరకే లేచి కొబ్బరి చట్నీకి మిక్సీ వేస్తాం. మూడోరోజు మెట్ల దగ్గర మర్యాదగా ఒక కాగితం అంటించి ఉంది. చట్నీ ముందురోజు సాయంత్రమే నూరుకోండి. గాజుసీసాలు పడేసే వీధి డబ్బాలు తెలుపు, గోధుమ, ఆకుపచ్చ రంగులకి విడివిడిగా ఉంటాయి. వాటిలో కూడా ఆదివారం వేయకూడదు, పగిలే చప్పుడు వల్ల. స్టుట్‌గార్ట్ వైపు ‘కేర్‌వోఖె’ అని ఒక ఆచారం ఉంది. మెట్లు, వసారా, ఇంటి ముందు బాట ఊడ్చే పని ఒక్కో వారం ఒక్కో కాపురానిది. వంతు వచ్చినప్పుడు తలుపుకి పలక వేలాడదీస్తారు. ఆ వారం చీపురు నేను పట్టుకున్నాను. నలభై ఏళ్లుగా ఆ ఇంట్లో ఉంటున్న పై అంతస్తు పెద్దాయన నాతో మొదటిసారి మాట్లాడింది ఆ రోజే.

ట్రాము, రైలు టికెట్టు అమ్మాయి చూసుకుంటుంది కాబట్టి క్లుప్తంగా: గేట్లుండవు, అడిగేవాడు కనబడడు, కానీ మామూలు బట్టల్లో వచ్చి అడిగితే టికెట్టు లేనివాళ్లకి 60 యూరోల జరిమానా. నెలవారీ డాయిచ్‌లాండ్ టికెట్ 2026 జనవరి నుంచి 63 యూరోలు, ఊళ్లో బళ్లన్నీ, దేశమంతా ప్యాసింజర్ రైళ్లూ ఎక్కవచ్చు, వేగంగా పోయే ఐసీఈ లాంటి దూరప్రయాణపు రైళ్లు తప్ప. అది ప్రతి నెలా దానంతటదే కొనసాగుతుంది. ఆపాలంటే నెలలో 10వ తేదీలోపు చెప్పాలి. మీ తిరుగు ప్రయాణం నెలకి ముందే అది గుర్తు చేయండి, లేకపోతే మీరు నరసరావుపేటలో ఉండగా స్టుట్‌గార్ట్‌లో టికెట్టు నడుస్తుంటుంది.

టికెట్లు ఇంకా కొనలేదన్నారు కదా, ఒక లెక్క చూసుకోండి. వీసా ఇచ్చేది మూడు నెలలకి కాదు, 180 రోజుల్లో 90 రోజులకి. దిగిన రోజు, బయల్దేరిన రోజు రెండూ లెక్కలోకే వస్తాయి. మే 1న దిగి జూలై 31న విమానమెక్కితే అది 92 రోజులు. వీసా మీద వేసిన రోజుల సంఖ్య అంతకన్నా తక్కువ కూడా ఉండొచ్చు, స్టిక్కర్ చేతికి రాగానే చూడండి. మీ అమ్మాయి ఏ పేటలో ఉంటుందో రాస్తే దగ్గర్లో టర్కీ కొట్టు, ఇండియన్ స్టోర్ ఎటువైపో మా అబ్బాయిని అడిగి చెబుతాను.